దంతమూల నాళ చికిత్సలో రోటరీ ఫైళ్ళు

పంటి వేరులో ఉండే సన్నని నాళాన్ని శుభ్రపరచి, తగిన ఆకృతికి మలచుటకు దంతవైద్యులు వాడే, యంత్రంతో తిరిగే సూది వంటి లోహ పరికరాలను రోటరీ ఫైళ్ళు అంటారు. వీటిలో అత్యధికం నికెల్, టైటానియం లోహాల మిశ్రమంతో తయారవుతాయి. జనవ్యవహారంలో 'రూట్ కెనాల్' అని పేరుపడిన చికిత్సలో ఇవి 1990ల నుండి వాడుకలోకి వచ్చాయి. అంతకు ముందు ఈ పని దాదాపు అంతా ఉక్కు ఫైళ్ళతో, చేతితోనే జరిగేది. నేడు విపణిలో పదుల కొద్దీ రకాల రోటరీ ఫైళ్ళు ఉన్నందున, వాటిలో ఏది మేలైనదో తేల్చుటకు చేసే తులనాత్మక పరిశోధనలు దంతవైద్య పత్రికలలో విరివిగా వెలువడుతున్నాయి. తెలుగు రాష్ట్రాల దంతవైద్య కళాశాలలలో స్నాతకోత్తర విద్యార్థులు సిద్ధాంత వ్యాసాలకు తరచుగా ఎంచుకునే అంశాలలో ఇది ఒకటి. అయితే ఈ పోలికలలో ఎక్కువ భాగం కొలిచేది నాళం ఆకారాన్ని. రోగికి కావలసినది పన్ను మానడం. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని గమనించకుండా ఈ పరిశోధనల ఫలితాలను చదివితే పొరపాటు పడే అవకాశం ఉంది.

పేరు

ఆంగ్లంలో ఫైల్ అంటే తెలుగులో ఆకురాయి. కంసాలి, వడ్రంగి వాడే ఆకురాయి తన గరుకు ముఖంతో లోహాన్నో కర్రనో అరగదీసినట్లే ఈ పరికరం పంటి వేరు లోపలి గోడలను అరగదీస్తుంది. ఆకారంలో మాత్రం ఇది సూదిని పోలి ఉంటుంది. ఈ చికిత్సను వాడుకలో 'పంటి నరం తీయించుకోవడం' అంటారు గానీ, లోపల ఉండేది నరం ఒక్కటే కాదు. రక్తనాళాలు, నాడులు, మెత్తని కణజాలం కలిసిన దంతమజ్జ అక్కడ ఉంటుంది.

నాళాన్ని మలచవలసిన అవసరం

పుచ్చు లోతుగా పోయినప్పుడు నోటిలోని సూక్ష్మజీవులు దంతమజ్జను చేరతాయి. గట్టి గోడల మధ్య బంధింపబడి ఉన్న మజ్జ వాచుటకు చోటు లేదు. అందుచేతనే ఆ నొప్పి అంత తీవ్రంగా ఉంటుంది. క్రమంగా మజ్జ చనిపోయి, వేరు కొన దాటి ఎముకలో చీము చేరుతుంది. దీనికి మూలం సూక్ష్మజీవులేనని స్పష్టంగా చూపిన ప్రయోగం 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసినది. వారు రెండు గుంపుల ఎలుకల పళ్ళకు మజ్జ బయటపడేలా రంధ్రాలు చేసి వదిలేశారు. మామూలు ఎలుకలలో మజ్జ కుళ్ళి చీముగడ్డలు ఏర్పడ్డాయి. సూక్ష్మజీవులు లేని వాతావరణంలో పెంచిన ఎలుకలలో మాత్రం రంధ్రంలోనికి ఆహారం పోయినా మజ్జ బ్రతికే ఉన్నది, పైగా గాయంపై కొత్త డెంటిన్ పెరిగింది. కాబట్టి ఈ చికిత్స లక్ష్యం ఒక్కటే: నాళంలోని సూక్ష్మజీవులను, వాటికి ఆహారమయ్యే మృత కణజాలాన్ని సాధ్యమైనంత తొలగించి, మళ్ళీ చేరకుండా మూసివేయడం.

ఫైలు చేసే పని దీనిలో ఒక భాగం. అది గోడలను గీకి శుభ్రం చేయడంతో పాటు, మందు ద్రావణం వేరు కొన దాకా చేరడానికి, చివరకు గుటపర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో నింపడానికి వీలుగా నాళాన్ని పైన వెడల్పుగా, కొన వద్ద సన్నగా ఉండే గరాటు ఆకారానికి తెస్తుంది. ఈ గరాటు ఆకారపు సూత్రాలను 1974లో హెర్బర్ట్ షిల్డర్ క్రోడీకరించాడు. నాళం తన సహజమైన వంపును కోల్పోరాదు, కొన రంధ్రం ఉన్నచోటు నుండి కదలరాదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి.

చెప్పినంత సులభం కాదు ఇది. కింది దవడ మొదటి దవడపంటికి సాధారణంగా రెండు వేర్లు ఉంటాయి. ముందు వేరులో రెండు నాళాలు, వెనుక వేరులో ఒకటో రెండో ఉంటాయి. పై దవడ మొదటి దవడపంటిలో బుగ్గ వైపు ముందు వేరులో రెండవ నాళం సగానికి పైగా పళ్ళలో కనిపిస్తుంది, దానిని వెదికి పట్టడమే ఒక పని. నాళాలు వంపు తిరిగి ఉంటాయి, కొన్ని చోట్ల గుండ్రంగా కాక చీలిక వలె బల్లపరుపుగా ఉంటాయి, రెండు నాళాల మధ్య సన్నని సందులు ఉంటాయి. గుండ్రంగా తిరిగే పరికరం గుండ్రని రంధ్రాన్నే చేయగలదు.

ఉక్కు ఫైళ్ళు

ఈ చికిత్సకు తొలి పరికరాన్ని 1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారపు స్ప్రింగు నుండి తయారు చేశాడని చెబుతారు. తరువాత కార్బన్ ఉక్కు, ఆపై తుప్పు పట్టని ఉక్కు ఫైళ్ళు వచ్చాయి. ఒక్కో కంపెనీ ఒక్కో కొలత పెట్టుకోవడంతో ఏర్పడిన గందరగోళాన్ని తొలగించుటకు 1958లో ఇంగిల్, లెవిన్ ఒకే ప్రమాణాన్ని ప్రతిపాదించారు. తరువాత అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిన ఆ పద్ధతి ప్రకారం ఫైలు సంఖ్య దాని కొన వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరవ వంతులలో తెలుపుతుంది. 25 సంఖ్య గల ఫైలు కొన వ్యాసం 0.25 మి.మీ. పిడి రంగు కూడా నిర్ణీతమే: 15 తెలుపు, 20 పసుపు, 25 ఎరుపు, 30 నీలం, 35 ఆకుపచ్చ, 40 నలుపు. కోసే భాగం పొడవు 16 మి.మీ.; కొన నుండి పైకి పోయే కొద్దీ ప్రతి మిల్లీమీటరుకు వ్యాసం 0.02 మి.మీ. పెరుగుతుంది. దీనినే 2 శాతం టేపర్ అంటారు.

ఉక్కుకు ఉన్న చిక్కు బిరుసుతనం. సన్నని ఫైలు వంపులో వంగుతుంది, కానీ 25 దాటిన ఉక్కు ఫైలు తిన్నగా నిలబడాలని చూస్తుంది. ఆ ప్రయత్నంలో వంపు బయటి గోడను కొన వద్ద, లోపలి గోడను నడుమ ఎక్కువగా కోస్తుంది. ఫలితంగా గోడలో మెట్టు ఏర్పడవచ్చు, కొన రంధ్రం సాగి కన్నీటిబొట్టు ఆకారం దాల్చవచ్చు, వేరు పక్కకు చిల్లు పడవచ్చు. కింది దవడపంటి ముందు వేరులో, రెండు వేర్లు విడిపోయే వైపు ఉన్న గోడ సహజంగానే పలుచన. దానిని 'ప్రమాద ప్రాంతం' అని పిలుస్తారు. చేతి నైపుణ్యంతో ఈ లోపాలను తగ్గించుటకు అనేక పద్ధతులు వచ్చాయి. 1985లో రోన్ వివరించిన 'బ్యాలెన్స్‌డ్ ఫోర్స్' పద్ధతి వాటిలో ప్రసిద్ధమైనది. చేయి తిరిగిన వైద్యుడు ఉక్కు ఫైలుతోనూ చక్కని నాళాన్ని మలచగలడు. కాకుంటే సమయం పడుతుంది, వేళ్ళు నొప్పి పుడతాయి.

యంత్రంతో తిప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. 1889లోనే విలియం రోలిన్స్ ఇందుకు ప్రత్యేకమైన హ్యాండ్‌పీస్ తయారు చేసి, ఫైలు విరగకుండా వేగాన్ని నిమిషానికి 100 చుట్లకు పరిమితం చేశాడు. 1964లో ఫ్రాన్సు నుండి వచ్చిన జిరోమాటిక్ అనే హ్యాండ్‌పీస్ ఫైలును పావు చుట్టు అటూ ఇటూ తిప్పేది. ఇవేవీ చేతిపనిని తొలగించలేకపోయాయి, ఎందుకంటే తిరిగేది ఉక్కే.

నిటినాల్ రాక

నికెల్, టైటానియం మిశ్రమానికి గల విశేష గుణాలను అమెరికా నావికాదళపు ఆయుధ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ 1950ల చివర, 1960ల మొదట వెలికితీశాడు. క్షిపణి ముక్కుకు తగిన లోహం కోసం చేస్తున్న వెదుకులాటలో ఇది బయటపడింది. రెండు లోహాల పేర్లు, ఆ ప్రయోగశాల పేరులోని మొదటి అక్షరాలు కలిపి దీనికి నిటినాల్ అని పేరు పెట్టారు. మడతలు పెట్టిన ఈ లోహపు పట్టీని ఒక సమావేశంలో పొగ పైపు వెలిగించే లైటరుతో వేడిచేయగా అది తనంతట తాను తిన్నగా సాగిందని ప్రసిద్ధమైన కథ.

దంతవైద్యంలో దీనిని మొదట పళ్ళ వరుస సరిచేసే తీగలుగా వాడారు. 1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ ఆ తీగ నుండే 15 సంఖ్య గల ఫైళ్ళను మలచి పరీక్షించగా, అదే పరిమాణపు ఉక్కు ఫైలు కంటే అవి రెండు మూడు రెట్లు ఎక్కువగా వంగాయి, మెలితిప్పినా ఎక్కువ తట్టుకున్నాయి. రోటరీ ఫైళ్ళ చరిత్ర అక్కడ మొదలయిందనవచ్చు.

ఈ లోహం వంగుటకు కారణం దాని స్ఫటిక నిర్మాణం. గట్టిగా ఉండే ఆస్టెనైట్ దశ నుండి మెత్తని మార్టెన్‌సైట్ దశకు అది ఒత్తిడి వలన గానీ ఉష్ణోగ్రత వలన గానీ మారుతుంది. ఒత్తిడి తీసివేయగానే మళ్ళీ మొదటి దశకు వస్తుంది. ఉక్కు ఒక శాతం సాగకముందే శాశ్వతంగా వంగిపోతుంది. నిటినాల్ 8 శాతం వరకు సాగినా యథాస్థితికి రాగలదు. ఇదే గుణం వలన దీనిని మెలిపెట్టి ఫైలుగా చేయడం కుదరలేదు. తీగను చెక్కి చేయవలసి వచ్చింది. చెక్కుడు వలన ఉపరితలంపై ఏర్పడే సూక్ష్మమైన గీతలే తరువాత పగుళ్ళకు మొదలవుతాయి.

ప్రధాన రకాలు

తయారీదారులు వీటిని తరాలుగా లెక్కిస్తారు. ఈ లెక్కలో శాస్త్రం ఎంత ఉందో వాణిజ్యమూ అంతే ఉంది. అయినా పరిణామక్రమం తెలియుటకు ఉపకరిస్తుంది.

1990లలో మొదట వచ్చిన వాటిలో జాన్ మెక్‌స్పాడెన్ రూపొందించిన ఫైళ్ళు, బెన్ జాన్సన్ రూపొందించిన ప్రోఫైల్, సెనియా, వైల్డీల లైట్‌స్పీడ్ ముఖ్యమైనవి. ప్రోఫైల్ అంచులు పదునుగా కాక నున్నటి పట్టీలుగా ఉండేవి. అందువలన అది గోడలో కూరుకుపోక నాళం మధ్యలోనే తిరిగేది, కానీ నెమ్మదిగా కోసేది. ఎక్కువ ఫైళ్ళు మార్చవలసి వచ్చేది.

2001లో రడిల్, వెస్ట్, మాషూల రూపకల్పనతో ప్రోటేపర్ వచ్చింది. దీని అంచులు పదునైనవి, టేపర్ ఫైలు పొడవునా ఒకే తీరుగా ఉండదు. ఉదాహరణకు ఎఫ్2 అనే ఫైలు కొన 0.25 మి.మీ.; మొదటి 3 మి.మీ.లో టేపర్ 8 శాతం. అంటే కొనకు 3 మి.మీ. పైన దాని వ్యాసం 0.49 మి.మీ. అదే చోట 25 సంఖ్య చేతి ఫైలు వ్యాసం 0.31 మి.మీ. మాత్రమే. ఎంత ఎక్కువ డెంటిన్ తీసివేయబడుతుందో దీనిని బట్టి ఊహించవచ్చు. భారతదేశంలో రోటరీ అనగానే చాలా కాలం పాటు విద్యార్థులకు గుర్తుకు వచ్చినది ఈ ఫైలే. పోలికలలో కొలబద్దగా ఇప్పటికీ దీనిని వాడుతుంటారు. కే3, రేస్, ఎమ్‌టూ, హీరో 642 ఈ కాలపువే.

ఆపై మార్పు ఆకారంలో కాక లోహంలో వచ్చింది. 2007లో వేడితో సంస్కరించిన ఎమ్-వైర్, 2008లో మెలిపెట్టుట సాధ్యమైన ట్విస్టెడ్ ఫైల్, తరువాత హైఫ్లెక్స్ సీఎం వచ్చాయి. హైఫ్లెక్స్ సీఎం ఫైలును వేలితో వంచితే వంగినట్లే ఉండిపోతుంది, వేడిచేస్తే తిన్నగా అవుతుంది. 2013లో వచ్చిన ప్రోటేపర్ నెక్స్ట్ అడ్డుకోత దీర్ఘచతురస్రం, అదీ కేంద్రం నుండి కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. అందుచేత అది పాము నడకలా ఊగుతూ తిరుగుతుంది.

మరొక మలుపు 2008లో యారెడ్ ప్రతిపాదన. ఒకే ప్రోటేపర్ ఫైలును ముందుకు కొంత, వెనుకకు కొంత తిప్పుతూ నాళమంతా మలచవచ్చునని అతడు చూపాడు. దాని ఆధారంగా 2011లో రెసిప్రోక్, వేవ్‌వన్ అనే ఒంటి ఫైలు పద్ధతులు వచ్చాయి. రెసిప్రోక్ కోసే దిశలో 150 డిగ్రీలు తిరిగి, 30 డిగ్రీలు వెనుకకు వస్తుంది. ప్రతి విడతకు మిగిలేది 120 డిగ్రీలు, కనుక మూడు విడతలకు ఒక పూర్తి చుట్టు. ఇరుక్కునే లోగానే వెనుకకు తిరుగుతుంది కాబట్టి మెలితిరిగి విరిగే ప్రమాదం తగ్గుతుంది. ఖచ్చితంగా చెప్పాలంటే ఇవి 'రోటరీ' కావు, కానీ వాడుకలో ఆ పేరుతోనే చలామణీ అవుతున్నాయి. 2010లో వచ్చిన సెల్ఫ్ అడ్జస్టింగ్ ఫైల్ అన్నింటికంటే భిన్నమైనది: లోపల బోలుగా ఉండే లోహపు జాలీ వంటి ఇది బల్లపరుపు నాళంలో నొక్కుకుని దాని ఆకారం పొందుతుంది.

పోల్చే విధానాలు

పోలికకు సాధారణంగా తీసివేసిన పళ్ళను, ముఖ్యంగా కింది దవడపళ్ళ ముందు వేర్లను వాడతారు. ష్నైడర్ 1971లో చెప్పిన పద్ధతిలో ఎక్స్‌రే మీద వంపు కోణాన్ని కొలిచి, 20 నుండి 40 డిగ్రీల వంపు గల వేర్లను ఎంచి గుంపులుగా విభజిస్తారు. పంటికి పంటికి తేడా ఉంటుంది కనుక కొందరు పారదర్శకమైన రెసిన్ దిమ్మలలో పోతపోసిన కృత్రిమ నాళాలను వాడతారు. వీటిలో వంపులన్నీ ఒక్కటే. అయితే రెసిన్ డెంటిన్ కాదు, రాపిడి వేడికి అది మెత్తబడుతుంది.

మలచక ముందు, మలచిన తరువాత సి.టి. చిత్రాలు తీసి, రెండు గోడల మందాన్ని పోల్చే పద్ధతిని 1996లో గాంబిల్, అతని సహచరులు ప్రవేశపెట్టారు. ఒక ఉదాహరణతో ఇది తేలికగా అర్థమవుతుంది. మలచక ముందు ముందువైపు గోడ మందం 1.20 మి.మీ., వెనుకవైపు 1.00 మి.మీ. అనుకొందాం. మలచిన తరువాత అవి 1.05, 0.85 అయితే రెండు వైపులా 0.15 చొప్పున తెగింది. భేదం సున్న, అంటే ఫైలు సరిగ్గా మధ్యలో నిలిచింది. అలా కాక 1.15, 0.75 అయితే ముందు 0.05, వెనుక 0.25 తెగింది, నాళం వెనుకకు 0.20 మి.మీ. జరిగింది. చిన్న సంఖ్యను పెద్ద సంఖ్యతో భాగిస్తే వచ్చేది కేంద్రీకరణ నిష్పత్తి. మొదటి ఉదాహరణలో అది 1, రెండవదానిలో 0.2. నిష్పత్తి 1కి ఎంత దగ్గరగా ఉంటే ఫైలు అంత మేలు.

ఇక్కడొక మెలిక ఉంది. మన కళాశాలల పరిశోధనలలో ఎక్కువగా వాడే కోన్‌బీమ్ సి.టి. యంత్రం చిత్రంలోని ఒక్కొక్క గడి వెడల్పు సుమారు 0.075 నుండి 0.2 మి.మీ. వరకు ఉంటుంది. రెండు రోటరీ పద్ధతుల మధ్య కనిపించే తేడా చాలా సార్లు 0.1 మి.మీ. లోపే. అంటే కొలబద్ద గీతల ఎడం కంటే చిన్నదైన తేడాను ఆ కొలబద్దతోనే కొలుస్తున్నట్లు. మైక్రో సి.టి. దీనికంటే చాలా సూక్ష్మమైనది, కానీ ఖరీదైనది, అన్ని చోట్లా దొరకదు. పైగా కొన వద్ద నాళం 0.3 మి.మీ. కంటే ఎక్కువ జరిగినప్పుడే నింపిన పదార్థం పక్కల నుండి కారుదల పెరుగుతుందని 2000లో వూ, వెసెలింక్ మొదలగువారు చూపారు. గణాంక శాస్త్రం ప్రకారం 'గణనీయమైన' తేడా పంటికి గణనీయం కాకపోవచ్చు.

ఫైళ్ళ అలసటను పోల్చుటకు వాటిని వంపు తిరిగిన లోహపు గాడిలో విరిగే దాకా తిప్పి, ఎన్ని చుట్లకు విరిగిందో లెక్కిస్తారు. వంపు కోణంతో పాటు వంపు వ్యాసార్థమూ ముఖ్యమేనని 1997లో ప్రూయెట్ మొదలగువారు నిరూపించారు: ఒకే కోణమైనా కురచ మలుపులో ఫైలు త్వరగా విరుగుతుంది. ఘాటు రోడ్డులో హెయిర్‌పిన్ మలుపుకు, నిడుపాటి మలుపుకు ఉన్న తేడా వంటిదే ఇది. గది ఉష్ణోగ్రత వద్ద చేసిన పరీక్ష కంటే శరీర ఉష్ణోగ్రత వద్ద చేసిన పరీక్షలో ఫైళ్ళు త్వరగా విరుగుతాయి. లోహపు దశ ఉష్ణోగ్రతతో మారుతుంది కదా. పాత వ్యాసాలలోని అంకెలను కొత్తవాటితో పోల్చేటప్పుడు ఇది చూడవలసి ఉంటుంది.

పోలికలలో తేలినవి

ఉక్కు చేతి ఫైలుతో పోల్చినప్పుడు నికెల్ టైటానియం రోటరీ ఫైలు వంపును బాగా కాపాడుతుందని, సమయం తగ్గుతుందని దాదాపు అన్ని పరిశోధనలూ అంగీకరిస్తాయి. కొత్తగా నేర్చుకునేవారి చేతిలో ఈ తేడా మరింత స్పష్టం. రోటరీ పద్ధతులను ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు మాత్రం అంత ఏకాభిప్రాయం లేదు. వేడితో సంస్కరించిన ఫైళ్ళు పాతవాటికంటే మెరుగ్గా వంగుతాయి, ఎక్కువ చుట్లు తట్టుకుంటాయి అన్నంత వరకు ఫలితాలు కలుస్తాయి. ఆపైన ఏ ఫైలు ముందు అన్నది వేరును, వైద్యుని, కొలిచే పద్ధతిని బట్టి మారుతుంటుంది.

అన్నింటికంటే ఆలోచింపజేసేది 2001లో పీటర్స్, షోనెన్‌బర్గర్, లైబ్ చేసిన మైక్రో సి.టి. పరిశోధన. నాలుగు నికెల్ టైటానియం పద్ధతులను పోల్చిన వారికి, ఏ పద్ధతిలోనైనా నాళపు గోడలో 35 శాతం లేదా అంతకంటే ఎక్కువ భాగాన్ని ఫైలు తాకనే లేదని తేలింది. ఆ తాకని చోటును శుభ్రం చేయవలసినది ద్రావణమే. సోడియం హైపోక్లోరైట్ కణజాలాన్ని కరిగించి సూక్ష్మజీవులను చంపుతుంది. గోడకు అంటిన పొడి పూతను తొలగించుటకు 17 శాతం ఈడీటీఏ వాడతారు. ఒంటి ఫైలు పద్ధతిలో నాళం కొద్ది నిమిషాలలోనే సిద్ధమవుతుంది, కానీ ద్రావణం పనిచేయుటకు కావలసిన సమయం తగ్గదు. ఫైలు మిగిల్చిన సమయాన్ని కడుగుటకు వాడకపోతే వేగం వలన లాభం లేదు. హైపోక్లోరైట్ వేరు కొన దాటి పోతే తీవ్రమైన నొప్పి, వాపు కలుగుతాయి కాబట్టి దానిని ఒత్తిడి లేకుండా ఎక్కించాలి.

రోటరీ ఫైళ్ళ వలన వేరు గోడలో పగుళ్ళు వస్తాయని 2009 ప్రాంతంలో వేర్లను అడ్డంగా కోసి చూసిన పరిశోధనలు ప్రకటించాయి. చాలామందికి ఇది కలవరం కలిగించింది. 2014లో డి-డ్యూస్ మొదలగువారు మైక్రో సి.టి.తో పంటిని కోయకుండా ముందు, తరువాత చూడగా, తరువాత కనబడిన పగుళ్ళన్నీ ముందే ఉన్నవని తేలింది. పద్ధతి మారితే తీర్పు తిరగబడడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రోగులపై చేసిన పరిశోధనలు తక్కువ. హాంగ్‌కాంగ్‌లో చ్యూంగ్, లియు 2009లో ప్రకటించిన ఒక పరిశీలనలో పాత రికార్డులను బట్టి చూడగా, ఉక్కు చేతి ఫైళ్ళ కంటే రోటరీతో చేసిన పళ్ళు ఎక్కువ శాతం మానాయి. వంపు చెడకపోవడమే దీనికి కారణం కావచ్చు. ఒక రోటరీ రకానికి, మరొక రోటరీ రకానికి మధ్య ఇటువంటి తేడాను నమ్మదగినట్లు చూపిన ఆధారం లేదు. చికిత్సకు ముందే వేరు కొన వద్ద చీముగడ్డ ఉన్నదా, నాళాలన్నీ దొరికాయా, తరువాత పైన గట్టి కట్టడం లేదా క్యాప్ పడిందా అన్నవి ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి.

ఫైలు విరుగుట

రోటరీ ఫైలుకు ఉన్న పెద్ద దోషం ముందస్తు సూచన లేకుండా విరగడం. ఉక్కు ఫైలు విరిగే ముందు మెలికలు విప్పుకుని కంటికి కనబడుతుంది. నికెల్ టైటానియం ఫైలు పైకి కొత్తదానిలా ఉండి విరగవచ్చు. విరగడం రెండు విధాలు. కొన ఇరుక్కుపోగా మోటారు తిప్పుతూనే ఉంటే మెలితిరిగి విరుగుతుంది. ఇరుక్కోకున్నా, వంపులో తిరిగేటప్పుడు ఒక పక్క సాగుతూ మరో పక్క నొక్కుకుంటూ ఉంటుంది కనుక, తీగను పదే పదే వంచితే తెగినట్లు అలసి తెగిపోతుంది. 2000లో సట్టాపన్ మొదలగువారు ఒక వైద్యశాలలో వాడి పారవేసిన ఫైళ్ళను పరీక్షించగా దాదాపు సగం వాటిలో ఏదో ఒక లోపం కనబడింది. విరిగినవాటిలో మెలితిరిగి విరిగినవి సగానికి కొంచెం ఎక్కువ.

నివారణకు మోటారులో టార్క్ పరిమితి పెడతారు. భారం మించగానే అది ఆగి వెనుకకు తిరుగుతుంది. సాధారణ వేగం నిమిషానికి 250 నుండి 350 చుట్లు. అంతకు ముందుగా 10, 15 సంఖ్యల చేతి ఫైళ్ళతో దారి చేసుకోవడం తప్పనిసరి. ఈ మెట్టును దాటవేయడమే చాలా విరుగుళ్ళకు కారణం. రోటరీ వచ్చినంత మాత్రాన చేతి ఫైలు అవసరం పోలేదు.

విరిగిన ముక్కను సూక్ష్మదర్శిని సాయంతో అల్ట్రాసోనిక్ కొనలతో తీయవచ్చు, పక్క నుండి దారి చేయవచ్చు, కొన్నిసార్లు అక్కడే వదిలి మిగతా నాళాన్ని నింపవచ్చు. ముక్క మిగిలిపోతే పన్ను పోయినట్లేనని రోగులు భయపడతారు. ఆస్ట్రేలియాలో స్పిలి, పరాషోస్, మెస్సర్ 2005లో 8460 చికిత్సలను పరిశీలించగా 3.3 శాతం పళ్ళలో విరిగిన ముక్కలు మిగిలి ఉన్నాయి. వాటిలో 91.8 శాతం మానాయి. ముక్క లేని పోల్చదగిన పళ్ళలో ఇది 94.5 శాతం. ఈ తేడా గణాంకరీత్యా నిలిచేది కాదు. అవి నిపుణులు చేసిన చికిత్సలు అన్న సంగతి మరువరాదు. ముక్క మిగిలినప్పుడు రోగికి చెప్పి, రికార్డులో రాయడం వైద్యుని విధి.

ఒక ఫైలును ఎన్ని సార్లు వాడవచ్చు అన్నది తెగని ప్రశ్న. బ్రిటన్‌లో ప్రయాన్ వ్యాధుల భయంతో 2007 నుండి ఫైళ్ళను ఒకే రోగికి వాడి పారవేయాలని ఆదేశించారు. రెసిప్రోక్, వేవ్‌వన్ పిడిలో ఆటోక్లేవ్ వేడికి ఉబ్బిపోయే ప్లాస్టిక్ ఉంగరాన్ని అమర్చారు. ఉబ్బిన తరువాత అది హ్యాండ్‌పీస్‌లో పట్టదు. భారతదేశంలో ఖర్చు దృష్ట్యా ఫైళ్ళను శుభ్రపరచి, ఆటోక్లేవ్ చేసి మళ్ళీ వాడడం సర్వసాధారణం. వాడకాన్ని లెక్కపెట్టి, వంపు ఎక్కువగా ఉన్న పంటికి వాడినదాన్ని వెంటనే తీసివేసే క్లినిక్కులో ఇది ఒక రకం. లెక్క లేకుండా విరిగే దాకా వాడేచోట మరో రకం. ఫైలు పేరు చూపి పోల్చే పరిశోధనలలో ఎక్కువ భాగం కొత్త ఫైలుతో చేసినవే.

పాలపళ్ళలో

పిల్లల దవడపళ్ళ వేర్లు పలుచగా, విశాలంగా విచ్చుకుని ఉంటాయి, కాలక్రమంలో కరిగిపోతాయి. 2000లో బార్ మొదలగువారు వీటికి రోటరీ ఫైళ్ళు వాడవచ్చునని వివరించారు. పెద్దల ఫైలు పొడవు చిన్ననోటికి ఇబ్బంది. 16 మి.మీ. పొడవు గల కేడో-ఎస్ అనే పాలపళ్ళ ప్రత్యేక ఫైలు భారతదేశంలోనే, చెన్నైలో రూపొందింది. కుర్చీలో కదలకుండా కూర్చోలేని పిల్లవాని విషయంలో నాలుగైదు నిమిషాలు తగ్గడం నిజమైన లాభమే.

తెలుగునాట

రోటరీ ఫైళ్ళతో చేసే చికిత్స బోధన దంతవైద్య కళాశాలలలో కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ, ఎండోడాంటిక్స్ విభాగం కిందికి వస్తుంది. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. రాష్ట్ర విభజనకు ముందు ఈ కళాశాలలన్నీ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. తెలంగాణ కళాశాలలు తరువాత వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. రంగారెడ్డి జిల్లాలో ఉండిన శ్రీసాయి దంతవైద్య కళాశాల 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కొత్త వికారాబాదు జిల్లాలోకి పోయింది.

హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ పోయే రహదారిపై ఉన్న ఇబ్రహీంపట్నం వంటి పట్టణాల వారికి రెండు దారులున్నాయి: ఊరిలోని ప్రైవేటు క్లినిక్కు, లేదా నగరంలోని బోధనాసుపత్రి. దిల్‌సుఖ్‌నగర్‌లోని పానినీయ మహావిద్యాలయ దంతవైద్య కళాశాల, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఈ వైపు నుండి వచ్చేవారికి అందుబాటులో ఉంటాయి. బోధనాసుపత్రిలో ఖర్చు తక్కువ, పర్యవేక్షణ ఉంటుంది. కానీ ఒకటికి మూడు సార్లు రావలసి వస్తే బస్సు చార్జీ, పోయిన కూలి లెక్కకు వస్తాయి. ఒకే విడతలో పని ముగించగల రోటరీ పద్ధతికి అటువంటి రోగి విషయంలో ఉన్న విలువ కేంద్రీకరణ నిష్పత్తిలో కనబడదు.

ప్రైవేటు క్లినిక్కులలో 'మెషిన్ రూట్ కెనాల్' అని, మామూలు రూట్ కెనాల్ అని రెండు ధరలు చెప్పడం కద్దు. అప్పుడు రోగి ఫైలు కంపెనీ పేరు అడగడం కంటే అడగదగినవి వేరే ఉన్నాయి: పంటికి రబ్బర్ డ్యామ్ కడతారా, వాడే ఫైలు కొత్తదా, చికిత్సకు ముందూ తరువాతా ఎక్స్‌రే తీస్తారా, క్యాప్ ఎప్పుడు వేస్తారు, దాని ఖర్చు ఈ ధరలో ఉన్నదా. రబ్బర్ డ్యామ్ అంటే పంటిని మాత్రం బయటకు ఉంచి నోటిని కప్పే పలుచని రబ్బరు తెర. ఉమ్మిలోని సూక్ష్మజీవులు నాళంలోకి పోకుండా, చిన్న ఫైళ్ళు గొంతులోకి జారకుండా అది ఆపుతుంది. చవకైనది, ఏ ఫైలుతోనైనా వాడదగినది.

పోలిక పరిశోధనలకు కావలసిన పళ్ళు కళాశాలల శస్త్రచికిత్స విభాగాల నుండే వస్తాయి. తీసిన పంటిని కడిగి, సూక్ష్మజీవరహితం చేసి సీసాలలో నిలువ ఉంచుతారు. బి.డి.ఎస్. విద్యార్థులు రోగిని ముట్టుకునే ముందు ఈ పళ్ళపైనే నాళాలు మలచడం నేర్చుకుంటారు. వేర్లు చెక్కుచెదరక, కొన పూర్తిగా ఏర్పడిన దవడపళ్ళనే ఇందుకు ఏరుతారు. వాటిలో రూట్ కెనాల్ చేసి నిలుపదగినవీ ఉంటాయి. పీకించుకోవడం చవక కాబట్టి అవి ఆ సీసాలోకి చేరాయి.